తాలు ఏరివేత: ఉత్తరాల జాబితాల్లో చెత్త వడపోత

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, గణితం – భౌతికం – కంప్యూటర్లు)

కల్లంలో ఎండిన మిరపకాయల్ని టిక్కీలకు ఎత్తేముందు తాలు ఏరటం మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్నపిల్లలక్కూడా తెలిసిన పని. రంగు వెలిసి తెల్లబారిన కాయ తాలు. కూలికొచ్చిన ఆడవాళ్ళు వరసగా కూర్చుని మాట్లాడుకుంటూనే చేతులు ఆపకుండా ఏరేస్తారు. ఈ ఏరివేతలో పొరపాటు రెండు విధాలుగా జరుగుతుంది. మంచి కాయల్లో తాలు మిగిలిపోవచ్చు, లేదా తాలు కుప్పలోకి మంచి కాయ పోవచ్చు. మొదటి పొరపాటు యార్డులో వ్యాపారి టిక్కీ కోసి చూడగానే బయటపడి ధర తెగుతుంది. రెండో పొరపాటును ఎవరూ పట్టించుకోరు, అది ఎవరి కంటా పడదు గనుక.

కంప్యూటర్లలో చెత్త ఉత్తరాలను వడపోసే శాస్త్రమంతా ఈ రెండు పొరపాట్ల చుట్టూనే తిరుగుతున్నదని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. కాకపోతే ఇక్కడ లెక్క తిరగబడుతుంది. జాబితాలోకి ఒక చెత్త ఉత్తరం వస్తే చదివేవాళ్ళు విసుక్కుని తుడిచేస్తారు, నష్టం అంతటితో సరి. ఒక మంచి ఉత్తరం చెత్తలో పడితే మాత్రం రాసినవాడికి జవాబు రాదు, ఎందుకు రాలేదో తెలియదు, రెండోసారి రాయటానికి మొహమాటపడతాడు.

జాబితా అంటే ఏమిటి?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనగా మూలరాత అందరికీ తెరిచి వుండే సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసేవాళ్ళు ఒక ఆఫీసులో కూర్చునేవాళ్ళు కారు. ఒకరు జర్మనీలో వుంటే ఒకరు బ్రెజిల్‌లో, మరొకరు నరసరావుపేటలో వుంటారు. వీళ్ళు పాతికేళ్ళకు పైగా మాట్లాడుకుంటున్నది ఎక్కువగా ఉత్తరాల జాబితాల మీదనే. జాబితాకు ఒకే చిరునామా వుంటుంది. దానికి రాసిన ఉత్తరం సభ్యులందరికీ వెళుతుంది, ఒక ప్రతి బహిరంగంగా భద్రపరచబడుతుంది. లైనక్స్ కెర్నెల్‌కు నేటికీ మార్పులు ఉత్తరాల రూపంలోనే వస్తాయి. సభ్యుడు కానివాడు కూడా ఆ జాబితాకు రాయవచ్చు. డెబియన్ జాబితాలు కూడా చాలావరకు అంతే.

ఈ బహిరంగతే చీడకు దోవ. చిరునామాలు అందరికీ కనపడతాయి కాబట్టి వాటిని యంత్రాలతో ఏరుకుని అమ్ముకునేవాళ్ళూ వున్నారు. గేటు మూసేస్తే చెత్త ఆగుతుంది గాని, ఎక్కడో తప్పు కనిపెట్టి చెప్పబోయే కొత్తవాడు కూడా గేటు బయటే నిలబడిపోతాడు.

కొంచెం చరిత్ర

మొదటి చెత్త ఉత్తరంగా అందరూ చెప్పేది 1978 మే 3న వెళ్ళినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీకి చెందిన గ్యారీ థూర్క్, తమ కొత్త యంత్రాలను చూడటానికి రమ్మంటూ ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి పంపాడు. స్పామ్ అనే పేరు ఆ తరువాత వచ్చింది. అది నిజానికి డబ్బాలో అమ్మే ఒక మాంసం పేరు. 1970 నాటి ఒక బ్రిటిష్ హాస్యనాటికలో హోటల్లో ఏమడిగినా అదే వస్తుంటుంది, మనం సాంబారు గురించి జోకులు వేసుకుంటామే, అట్లా.

మన తెలుగువాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవలసింది 1994 ఏప్రిల్ 12. అమెరికాలో కాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు నింపిపెడతామన్న ప్రకటనను యూజ్‌నెట్‌లోని ఐదువేలకు పైగా చర్చా బృందాల్లో వేశారు. ఒకే ఉత్తరంగా కాక ఒక్కొక్క బృందంలో విడివిడిగా వేశారు. దానివల్ల పది బృందాలు చదివేవాడికి అదే ప్రకటన పదిసార్లు ఎదురైంది. గ్రీన్‌కార్డు సంగతి ప్రవాసులకు అవసరమైనదే కదా, చెత్త ఎట్లా అయిందని అడగవచ్చు. చెత్త అవటానికి విషయం పనికిరానిదే కానక్కరలేదు. అడగకుండా, చోటు చూడకుండా, అందరి మీదా కుమ్మరించటం చాలు.

అదే కాలంలో యూజ్‌నెట్‌లో తెలుగువారి బృందం ఒకటి నడిచింది. కంప్యూటర్లలో తెలుగు లిపి కుదరని రోజులవి. ఆంగ్లాక్షరాల్లో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతినీ, దాన్ని తిరిగి తెలుగు లిపిలోకి మార్చే సాధనాన్నీ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేశారు. ఆ తరువాత యాహూ గుంపుల్లో రచ్చబండ వంటి తెలుగు జాబితాలు సాహిత్య చర్చలకు పేరుపడ్డాయి. యాహూ గుంపులే 2020 డిసెంబరు 15న మూతపడ్డాయి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అంటే చెత్త మనకంటే ముందే వచ్చి కూర్చున్నది.

వడపోతలో దశలు

మంచి జాబితాల్లో ఒకే జల్లెడ మీద ఆధారపడరు. మొదటిది గేటు దగ్గరే వుంటుంది. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన బూడిద జాబితా పద్ధతిలో, ముఖం తెలియని సర్వరు ఉత్తరం తెస్తే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని తిప్పి పంపుతారు. సక్రమమైన సర్వరు కాసేపాగి మళ్ళీ వస్తుంది. ఒక్క రాత్రిలో కోటి ఉత్తరాలు గుప్పించాలనుకునేవాడికి తిరిగి వచ్చే ఓపిక లేక పోతాడు, లేదా అప్పట్లో పోయేవాడు. అప్పువాళ్ళను రేపు రమ్మనటం మన ఊళ్ళల్లో పాత విద్యే గనుక ఇది మనకు కొత్తగా అనిపించదు.

రెండోది సభ్యత్వం. గ్నూ మెయిల్‌మన్ అనేది జాబితాలు నడపటానికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేరు. 1990ల్లో జాన్ వీగా మొదలుపెట్టాడు. సభ్యులు కానివాళ్ళ ఉత్తరాన్ని ఇది ఆపి వుంచి, నిర్వాహకుడు చూసి వదిలేదాకా పోనివ్వదు. కొన్ని జాబితాల్లో కొత్త సభ్యుడి మొదటి ఉత్తరాన్ని కూడా ఇట్లాగే ఆపుతారు. కెర్నెల్ జాబితా మరో పద్ధతి పెట్టుకున్నది. రంగులూ బొమ్మలూ వుండే హెచ్.టి.ఎం.ఎల్. ఉత్తరాన్ని అసలు తీసుకోదు, సాదా అక్షరాలైతేనే తీసుకుంటుంది.

మూడోది సూత్రాల జల్లెడ. 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ ఇందుకు ప్రసిద్ధి. ప్రతి అనుమాన లక్షణానికీ కొన్ని మార్కులు వేస్తుంది, మొత్తం మామూలుగా 5 దాటితే చెత్త అంటుంది. పరీక్షల్లో మనకు మార్కులు తక్కువైతే ప్రమాదం, దీనికి ఎక్కువైతే ప్రమాదం. సూత్రాలు మనుషులు రాసినవే కాబట్టి మనుషుల తప్పులు అందులోకి చేరతాయి. తేదీ ఎక్కడో భవిష్యత్తులో వున్న ఉత్తరాన్ని అనుమానించమని ఒక సూత్రం వుండేది. అది రాసిన రోజుల్లో 2010 భవిష్యత్తే. దాన్ని సరిచేసిన ప్రతి అందరికీ చేరకముందే 2010 జనవరి 1 వచ్చేసింది. ఆ రోజు నుంచి మంచి ఉత్తరాలన్నిటికీ ఊరికే మూడు మార్కుల దాకా పడ్డాయి! కొత్త సంవత్సరం శుభాకాంక్షలు ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో.

బేయిస్ లెక్క

నాలుగోదే అసలు పాఠం. దీన్ని మన సంభావ్యత పుస్తకంలోని బేయిస్ సిద్ధాంతంతో నేరుగా చేయవచ్చు. థామస్ బేయిస్ ఇంగ్లండులో ఒక మతాచార్యుడు, 1761లో చనిపోయాడు. ఆయన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో వెలుగులోకి తెచ్చాడు. దాన్ని ఉత్తరాల మీద ప్రయోగించిన పరిశోధనలు 1998లో వచ్చినా, 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో అందరికీ ఎక్కింది.

ఒక లెక్క వేసుకుందాం. (అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవి.) మన దగ్గర 200 చెత్త ఉత్తరాలు, 200 మంచి ఉత్తరాలు వున్నాయి. "లాటరీ" అన్న మాట చెత్తలో 80 ఉత్తరాల్లోనూ, మంచిలో 2 ఉత్తరాల్లోనూ వుంది. రెండు కుప్పలూ సమానం కాబట్టి, ఆ మాట వున్న ఉత్తరం చెత్త అవటానికి అనుకూలత 80కి 2, అంటే 40 రెట్లు. సంభావ్యతలో చెప్పాలంటే 80/82, సుమారు 0.98. ఇక్కడే ఆగితే ఉత్తరాన్ని పారేస్తాం. కాని అదే ఉత్తరంలో "ప్యాచ్" అన్న మాట కూడా వుంది. అది చెత్తలో 1 ఉత్తరంలో, మంచిలో 60 ఉత్తరాల్లో వుంది. దీని అనుకూలత 1/60. రెండింటినీ గుణిస్తే 40/60, అనగా 2/3. సంభావ్యత 2/5 అయింది, 0.40. అనుమానం సగానికి తగ్గింది. మూడో మాట "బగ్" చెత్తలో 2, మంచిలో 50 అనుకోండి, అనుకూలత 1/25. మొత్తం 2/75, సంభావ్యత 2/77, సుమారు 0.026. ఉత్తరం మంచిదే. లాటరీ టిక్కెట్ల ప్రోగ్రాములో తప్పు దిద్దుతూ ఎవరో రాసి వుంటారు.

ఇక్కడ చదువుకున్న వారెవరైనా ఒక ఆక్షేపణ చెప్పాలి. గుణించటానికి మాటలు ఒకదానికొకటి స్వతంత్రంగా వుండాలి కదా! "లాటరీ" వున్నచోట "బహుమతి" తరచుగా వుంటుంది, ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్లే. నిజమే. అందుకే ఈ పద్ధతికి అమాయక బేయిస్ అని పేరు. తేలిన సంభావ్యత అంకె నమ్మదగింది కాదు గాని, ఎటువైపు మొగ్గిందనేది చాలాసార్లు సరిగానే వుంటుంది. మన మాస్టర్లు దీన్ని ఒప్పుకోకపోవచ్చు, ఆచరణలో మాత్రం నిలబడింది.

గ్రాహమ్ మరో చిన్న పని చేశాడు. మంచి ఉత్తరాల్లో వచ్చిన మాటల లెక్కను రెట్టింపు చేశాడు. అంటే త్రాసును కావాలనే మంచివైపు వంచాడు. మంచి కాయ తాలు కుప్పలో పడటం ఎక్కువ నష్టమని ఒప్పుకున్న లెక్క ఇది. నా దృష్టిలో ఆ వ్యాసం మొత్తంలో విలువైనది ఇదే.

తెలుగు ఉత్తరం గతి

ఈ లెక్క మాటల మీద నడుస్తుంది. ఆంగ్లంలో మాట చుట్టూ ఖాళీ వుంటుంది, మాట పెద్దగా మారదు. మన భాషలో రైతు, రైతులు, రైతుకు, రైతులకు, రైతులతోనూ, రైతులేమో అన్నవి యంత్రానికి ఆరు వేరువేరు మాటలు. ఒక్కొక్కటీ వందల ఉత్తరాల్లో వస్తే తప్ప జల్లెడకు గుర్తుండదు. పైగా యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. "రైతులకు" అన్న మాటలో అచ్చుగుర్తులతో కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. స్పామ్‌అసాసిన్ బేయిస్ భాగంలో మాటకు 15 బైట్ల హద్దు పెట్టారు. అది దాటిన మాటను వున్నదున్నట్లుగా గుర్తుపెట్టుకోదు, కుదిస్తుంది లేదా ముక్కలు చేస్తుంది. ఆంగ్లంలో 15 అక్షరాల మాట అరుదు. మనకు ఐదు సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది!

ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, ఆంగ్ల జాబితాలో ఎప్పుడో ఒక తెలుగు ఉత్తరం వస్తే దాని మంచి మాటలేవీ సాక్ష్యానికి రావు. అప్పుడు మిగిలేవి ఏ సర్వరు నుంచి వచ్చింది, లింకులెన్ని వున్నాయి, తెలియని లిపి ఎంత వుంది అన్నవి. లిపి తెలియకపోవటమే అనుమానమైతే, మన భాష మొత్తం తాలు కిందే లెక్క. దీనికి మందు వున్నది. తెలుగు అనువాదాల జాబితాలు నడిపేవాళ్ళు తమ జల్లెడకు తెలుగు మంచి ఉత్తరాలతోనే పాఠం చెప్పాలి. స్పామ్‌అసాసిన్ మామూలుగా 200 మంచి, 200 చెత్త ఉత్తరాలు చూసేదాకా బేయిస్ లెక్క మొదలే పెట్టదు. చిన్న జాబితాకు 200 మంచి ఉత్తరాలు కూడటానికే ఏడాది పట్టవచ్చు. చెత్తకేం, వారంలో కూడుతుంది.

పురుగూ మందూ

పత్తి రైతు బిడ్డలకు తరువాతి సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1987-88లో మన జిల్లాల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగలేదు. కొట్టినకొద్దీ తట్టుకున్న పురుగే మిగిలి పెరిగింది. రైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న సంవత్సరమది. పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతారు. చెత్త పంపేవాళ్ళు కూడా జల్లెడ తగిలినకొద్దీ మారారు. మాటలు పట్టుకుంటున్నారని అక్షరాల మధ్య అంకెలు దూర్చారు. బేయిస్ లెక్క వచ్చాక ఉత్తరం అడుగున కథల పుస్తకాల్లోంచి మంచి మాటలు తెచ్చి అతికించారు. 2006 ప్రాంతంలో ఏకంగా మాటలు మానేసి బొమ్మగా పంపారు. ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొట్టకూడదన్న సూత్రం చేలోనూ ఇక్కడా ఒకటే.

లింగాకర్షక బుట్టల వంటివి కూడా వున్నాయి. ఎవరూ వాడని ఒక చిరునామాను కంటికి కనపడకుండా పేజీలో దాచిపెడతారు. దానికి వచ్చిన ప్రతి ఉత్తరమూ చెత్తే, ఎందుకంటే మనిషన్నవాడు దానికి రాయడు. పొలంలో బుట్ట పురుగును చంపటం కంటే ఉధృతి ఎంత వుందో చెప్పటానికి ఎక్కువ పనికొస్తుంది. ఇదీ అంతే.

జల్లెడే తెగులైనప్పుడు

పంపినవాడి పేరు దొంగది కాదని తేల్చటానికి ఎస్.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ అనే ముద్రలు వచ్చాయి. మొదటిది ఉత్తరం ఏ సర్వరు నుంచి రావచ్చో చెబుతుంది. రెండోది ఉత్తరం మీద వేసే సీలు. ఈ రెండూ కుదరకపోతే ఏం చేయాలో మూడోది చెబుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాలకు "ముద్ర కుదరకపోతే తిప్పికొట్టండి" అని ప్రకటించింది. దొంగలను ఆపటానికే పెట్టారు. కాని జాబితా చేసే పనేమిటి? సభ్యుడి ఉత్తరాన్ని తన సర్వరు నుంచి అందరికీ పంపుతుంది, కింద ఒక వరస తోక చేరుస్తుంది. సర్వరు మారింది కాబట్టి మొదటిది తప్పింది. తోక చేరింది కాబట్టి సీలు పగిలింది. యాహూ సభ్యుడు ఒక ఉత్తరం రాస్తే, ఇతర కంపెనీల దగ్గర చిరునామా వున్న సభ్యులందరికీ అది తిప్పికొట్టబడింది. తిప్పికొట్టిన లెక్కను మెయిల్‌మన్ ఆ సభ్యుల ఖాతాలో వేసి, చిరునామాలు పనిచేయటం లేదనుకుని వాళ్ళ ఉత్తరాలు ఆపేసింది. ఒకరు రాస్తే, ఏమీ ఎరుగని పదిమంది జాబితా నుంచి పోయారు. తరువాత పంపినవాడి చోట జాబితా పేరు పెట్టే సర్దుబాటు వచ్చింది గాని, ఎవరు రాశారో వెతుక్కోవలసిన బాధ మిగిలింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూలు రోజుకు వేలల్లో పంపేవాళ్ళకు ఈ ముద్రలన్నీ తప్పనిసరి చేశాయి.

మనిషి చూపు

ఇన్ని దాటాక కూడా కొంత సరుకు ఎటూ తేలకుండా వరసలో ఆగుతుంది. దాన్ని చూడవలసింది మనిషే. జీతం లేని మనిషి. రోజూ వంద చెత్తలు తుడిచి తుడిచి, నూటొకటోది మంచిదైనా అదే చేత్తో తుడిచేస్తాడు. డెబియన్ ఈ భారాన్ని పంచుకున్న పద్ధతి నాకు నచ్చింది. భద్రపరచిన ప్రతి ఉత్తరం దగ్గరా, ఇది చెత్త అని ఎవరైనా చెప్పటానికి మీట వుంటుంది. అట్లా చెప్పినవాటిని సంస్థ సభ్యులు మళ్ళీ చూసి తేలుస్తారు. ఏరేవాళ్ళు వేరు, సరిచూసేవాళ్ళు వేరు.

మా పక్క వూరి కుర్రాడొకడు, నాకంటే ఏడాది చిన్న, ఒక ప్రాజెక్టులో తెలుగు ఒత్తులు తప్పుగా పడుతుంటే కారణం కనిపెట్టి దిద్ది పంపాడు. సభ్యుడిగా చేరకుండా, ఫోనులోంచి రంగుల అక్షరాలతో పంపాడు. పదకొండు రోజులు వరసలో వుంది. ఈలోపు మరొకరు అదే దిద్దుబాటు పంపితే అది చేరిపోయింది. వీడి ఉత్తరం వదిలేసరికి "ఇప్పటికే అయింది, ధన్యవాదాలు" అని వచ్చింది. వాడు మళ్ళీ రాయలేదు. నేను చెప్పినా రాయనన్నాడు. పేరు కోసం కాదన్నా, నన్ను దొంగలా చూశారని వాడి బాధ.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు ఇస్తామన్నారు. వేలకొద్దీ పనికిమాలిన మార్పులు వచ్చిపడ్డాయి. పరిచయ పత్రంలో "అద్భుతమైన ప్రాజెక్టు" అని ఒక మాట చేర్చి పంపటం! మన దేశపు ఒక యూట్యూబ్ పాఠం చూసి అట్లాగే నకలు చేసినవాళ్ళు అందులో చాలామంది. నిర్వాహకులు గగ్గోలు పెట్టగా, ప్రాజెక్టు తానుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని నిబంధన మార్చారు. ఈ టీషర్టు ఖరీదు మా పక్క వూరి కుర్రాడి లాంటివాళ్ళు కడుతున్నారని నా అభిప్రాయం. ఇప్పుడు కృత్రిమ మేధతో రాయించిన ఉత్తరాలు కొత్త తెగులు. కర్ల్ అనే సాధనాన్ని నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్, యంత్రంతో అల్లిన తప్పుడు భద్రతా ఫిర్యాదులు తన కాలాన్ని తినేస్తున్నాయని 2024 జనవరిలోనే రాశాడు. వాటిలో వ్యాకరణం తప్పుండదు, మర్యాద తక్కువుండదు. మాటలు లెక్కపెట్టే జల్లెడకు అవి మేలు రకం కాయల్లాగే కనపడతాయి.

మన కాలేజీ నుంచి ఎవరైనా జాబితాకు రాయబోతుంటే కొన్ని సంగతులు. ముందు సభ్యత్వం తీసుకుని, నిర్ధారణ ఉత్తరానికి జవాబివ్వండి. సాదా అక్షరాల్లో రాయండి. విషయం వరసలో "సహాయం కావాలి" అని కాక తప్పు ఏమిటో రాయండి. మొదటి ఉత్తరంలో లింకులు తగ్గించండి. తెలుగు వాక్యం ఉదాహరణగా ఇవ్వవలసి వస్తే దాని చుట్టూ రెండు మూడు ఆంగ్ల వాక్యాల్లో వివరం ఇవ్వండి, జల్లెడకు సాక్షులు దొరుకుతారు. మూడు రోజులైనా ఉత్తరం భద్రపరచిన చోట కనపడకపోతే అదే ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ పంపకండి, అది అనుమానాన్ని పెంచుతుంది. మెయిల్‌మన్ జాబితాలకు పేరు చివర అడ్డగీత పెట్టి "ఓనర్" అని ఆంగ్లంలో చేరిస్తే నిర్వాహకుడి చిరునామా అవుతుంది. దానికి, ఫలానా రోజున ఫలానా విషయం మీద రాశాను, వరసలో వుందేమో చూడమని రెండు వాక్యాలు రాస్తే చాలు.